లెక్కల సారు కింది గది

ఆ రోజుల్లో నేను చాలా చిన్నదాన్ని. యాభై ఏడేళ్లు. నవ్వకండి. డెబ్బై ఆరో ఏట కూర్చుని చూస్తే యాభై ఏడంటే మెట్లు ఆగకుండా ఎక్కే వయసు. పైగా ఉద్యోగంలో కొత్త. మా ఆయన పోయాక అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వచ్చేసి, పార్సిప్పనీలో ఒక ఇండియన్ సరుకుల కొట్టులో పద్దులు చూసే పనికి కుదిరాను. నా జీవితంలో అదే మొదటి జీతం. మొదటి జీతం అందుకున్నవాళ్లకి ఏ వయసులోనైనా కాస్త పొగరుంటుంది, నాకూ ఉండేది. కొత్తిమీర కట్టకి కూడా రసీదు అడుగుతానని మా చెల్లెలు నాకు 'ఆడిటరుగారు' అని పేరు పెట్టింది.

చెల్లెలు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉండేది. 2005 సంవత్సరమంతా దానికి కీమోతోనే గడిచింది. డిసెంబరులో స్కాన్ చూసిన డాక్టరు, మార్చిలో ఇంకో మందు మొదలుపెడదామని, ఈలోగా విశ్రాంతి తీసుకోమని అన్నారు. ఆ విశ్రాంతి ఎందుకిచ్చారో మా ఇద్దరికీ అర్థమైంది గానీ ఒకరికొకరం చెప్పుకోలేదు. ఒకరోజు కిటికీ బయట మంచు చూస్తూ, "అక్కా, వెచ్చటి సముద్రంలో ఒక్కసారి మెడదాకా మునగాలనుందే" అంది. ఒంగోలులో పెరిగినవాళ్లం. కొత్తపట్నం తీరానికి తీసుకెళ్లినప్పుడల్లా మా నాన్న మమ్మల్ని మోకాళ్లు దాటి దిగనిచ్చేవాడు కాదు. ఇండియా వెళదామంటే దాని గ్రీన్‌కార్డు కాగితాలు సగంలో ఉన్నాయి, పాస్‌పోర్టులో వీసా గడువు తీరిపోయింది. దేశం దాటితే మళ్లీ రానివ్వరేమోనని భయం. ఫ్లోరిడా నీళ్లు ఫిబ్రవరిలో చల్లగా ఉంటాయన్నారు. చివరికి మ్యాపులో కరీబియన్ సముద్రం మధ్య సెయింట్ థామస్ దొరికింది. అది అమెరికా దీవే కాబట్టి వీసా గొడవ లేదు.

విమానం టికెట్లు మా అమ్మాయి ప్రయాణాలతో పోగైన మైల్స్‌తో వచ్చాయి. మా మరిది సెలవులన్నీ ఆస్పత్రికే అయిపోయాయి కనక మేమిద్దరమే వెళ్లాలి. అయితే చెల్లెలు ఒక షరతు పెట్టింది. "నా మీద ఇప్పటికే చాలా తగలేశారు. హోటల్ బిల్లు కడితే నేను రాను. ఒట్టు." అది ఒట్టు పెట్టిందంటే ఇక తిరుగు లేదు. అయినా హోటలుకని దానికి తెలియకుండా నేను దాచింది మూడు వందల యాభై డాలర్లు. ఆ దీవిలో చలికాలం సీజనుట, ఒక్క రాత్రికే అంత అడుగుతున్నారు. ఒకచోట నూట ఇరవైకే ఇస్తామంటే పొంగిపోయాను. తీరా చూస్తే అది గుడారం. (దోమతెర అద్దె వేరు.)

ఇక మనవాళ్లంతా చేసే పనే నేనూ చేశాను. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లనీ "సెయింట్ థామస్‌లో మనవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడగడం మొదలుపెట్టాను. ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా అక్కడొక తెలుగువాడుంటాడని, వాడి ఇంట్లో మనకొక పరుపుంటుందని మనకి గట్టి నమ్మకం. బెండకాయలు తుంచి చూసుకుంటున్న ఒక కుర్రాడు, "మా రూమ్మేట్ వాళ్ల బాబాయికి తెలిసినాయన అక్కడ స్కూల్లో మ్యాథ్స్ చెప్తారాంటీ" అని నంబరిచ్చాడు. ఫోన్ చేశాను. నేను తెలుగులో "నమస్కారమండీ" అనగానే అవతలి గొంతు ఒక్కసారిగా పెద్దదైంది.

"తెలుగోళ్లా? నిజంగనా? రండ్రి అక్కా, రండ్రి! హోటలెందుకు? నేనొక్కన్నే ఉంట. ఇల్లు పెద్దదే. పైన మీరుండుండ్రి, కింద రూముల నేను పండుకుంట. ఏం ఫికర్ చేయకుండ్రి."

కొత్తిమీర కట్టకి రసీదు అడిగే మనిషిని, ఎన్ని గదులున్నాయని ఒక్క మాట అడగలేదు. మొహమాటం. ఊరికే ఉండనిస్తానన్న మనిషిని గదులెన్నని ఎలా అడుగుతాం?

2006 ఫిబ్రవరి 4, శనివారం, రైస్ కుక్కరుతో, గోంగూర జాడీతో, కాగితాలన్నీ పెట్టిన ఫైలుతో దిగాం. లెక్కల సారు బట్టతల, ఇస్త్రీ చొక్కా, పాత జీపు. ఆయన జీపుని రోడ్డుకి ఎడమవైపు పోనిస్తుంటే ఇద్దరం కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాం. అక్కడ అందరూ మన దేశంలోలాగే ఎడమవైపే నడుపుతారని ఆయన చెప్పేసరికి సగం కొండ ఎక్కేశాం. ఇల్లంటే ఒక గది, మూలన ఒక పొయ్యి, ముందు చిన్న వరండా. నేను చుట్టూ చూడటం గమనించి, "నా రూమ్ కిందికి అక్కా. వెనకనుంచి తొవ్వ" అన్నారు. ఆ దీవిలో పంపు నీళ్లుండవట. ఇంటికప్పు మీద పడ్డ వాననీళ్లే వాడుకోవాలట. మాకదేం కొత్త కాదు. ఒంగోలు ఎండాకాలం గుర్తొచ్చి చెల్లెలు చెంబుడు నీళ్లతో మొహం, కాళ్లు కడుక్కుని చూపించింది. సారు చప్పట్లు కొట్టారు.

ఆదివారం గాలి ఎక్కువగా ఉంది, చెల్లెలు నీరసంగా పడుకుంది. సారు మేం వండిన పప్పన్నం తల ఎత్తకుండా తిన్నారు. సోమవారం తెల్లవారాక, ఆయన బడికి వెళ్లేలోపు కాఫీ ఇచ్చొస్తానని చెల్లెలు గ్లాసు పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్లింది. నిండు గ్లాసుతోనే తిరిగొచ్చింది. "అక్కా, టికెట్ మార్చి రేపే వెళ్లిపోవచ్చా?" అంది. నొప్పి వచ్చిందేమో అనుకున్నాను. "సముద్రం ఇంకా చూడనేలేదు కదే!" అన్నాను. అది నా మొహంలోకి చూసి, "సరేలే, నేను చూసుకుంటాను" అంది. ఏం చూసుకుంటుందో చెప్పలేదు.

సాయంత్రం సారు బడినుంచి రాగానే, చెల్లెలు వరండాలో కూర్చుని చాలా వినయంగా మొదలుపెట్టింది.

"సారూ, ఒక్క సాయం చెయ్యాలి. మా అక్క గురక భరించలేకపోతున్నాను. రైలింజనే. మీ జీపు తాళాలిస్తే ఈ పూట జీపులో పడుకుంటాను."

"నాకు గురకా?" అన్నాను నేను. "ఎవరే చెప్పింది? మీ బావగారు ముప్పై రెండేళ్లలో ఒక్కసారన్నా అన్నారా?"

"ఆయన మంచివారు" అంది.

సారు మొహం ఎర్రబడింది. "జీపులనా? జీపుల ఎందుకమ్మా? ఒంట్ల బాగ లేనిదానివి. ఎనక సీటుల స్ప్రింగు లేచింది, నడుంల గుచ్చుకుంటది. తెల్లారెదాంక..." అని ఆగిపోయారు.

అప్పుడు చెల్లెలు మెల్లగా చెప్పింది. కింద గది లేదు, వాననీళ్లు నిలవుండే సిమెంటు తొట్టి మాత్రమే ఉంది. కాఫీ తీసుకెళ్లినప్పుడు దాని పక్కనే ఆగి ఉన్న జీపులో మోకాళ్లు ముడుచుకుని పడుకున్న సారు కనిపించారు. అద్దానికి ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది.

"పెద్దిల్లు ఉండె అక్కా," అన్నారాయన నేలను చూస్తూ. "మా ఇంటామె పోయినంక ఇడిసిపెట్టిన. ఒక్క రూమే అంటే మీరు ఫోన్ పెట్టేస్తరేమో అని భయమైంది. ఇంట్ల తెలుగు మాట ఇనక ఎన్ని రోజులైందో."

"అయితే వరండాలో పడుకోవచ్చుగా!" అన్నాను.

"ఆడోళ్లున్న ఇంటి ముంగట ఎట్ల పండుకుంట అక్కా?"

"అన్నయ్య పడుకోడా ఏమిటి?" అంది చెల్లెలు. ఆ పూటనుంచి ఆయన పక్క వరండాలోకి వచ్చింది. నేను మాత్రం అన్నం వడ్డిస్తూ కూడా నాకు గురక లేదని ఆయనకి వివరిస్తూనే ఉన్నాను. చెల్లెలి మాట అబద్ధమని ఆయన ఒప్పుకుని తీరాలి నాకు.

మంగళవారం బడి అయ్యాక సారే మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్లారు. చెల్లెలు ఉన్ని టోపీ తీసి నా చేతికిచ్చింది. అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు, పసిపిల్ల తలలా ఉంది. నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని మోకాళ్ల నీళ్ల దగ్గరే ఆగిపోయాను. అది మాత్రం నడిచి నడిచి, భుజాలు మునిగాక వెనక్కి తిరిగింది.

"ఆడిటరుగారూ, మెడదాకా వచ్చిందా? చూసి సంతకం పెట్టండి!"

"వచ్చిందే."

"సరిగ్గా చూడు!"

"వచ్చిందే తల్లీ, వచ్చింది" అన్నాను. నాకు సరిగ్గా కనపడలేదు, కళ్లజోడంతా తడి. ఒడ్డున సారు మర్యాదగా మాకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి, మా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

అదే సంవత్సరం అక్టోబరు 19న చెల్లెలు పోయింది. ఆ ముందు వారాల్లో ఆస్పత్రిలో మడత కుర్చీలో నేనే పడుకునేదాన్ని. ఒకరోజు మాటల్లో దీవి వస్తే నాకు మళ్లీ పౌరుషం పొడుచుకొచ్చింది. "ఊళ్లో వాళ్ల ముందు నన్ను రైలింజనన్నావు. నేనెప్పుడు గురక పెట్టానే?" అన్నాను. అది కళ్లు తెరవకుండానే నవ్వి, "లేదులే అక్కా. అబద్ధమే" అంది. నేను గెలిచాననుకున్నాను. కబురు తెలిసి సారు ఫోన్ చేశారు. పెట్టేసే ముందు, "జీపు అమ్మేసిన అక్కా. స్ప్రింగు సంగతి కొన్నాయనకు ముందే చెప్పిన" అన్నారు.

2014లో, క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చిన మా మనవరాలు నా గదిలో పడుకుంది. పొద్దున్నే దిండు చంకన పెట్టుకుని, "అమ్మమ్మా, యూ స్నోర్! సో లౌడ్! నాకు అస్సలు స్లీప్ రాలేదు" అంది. నేను యథాప్రకారం వాదనకి దిగాను. అది ఫోన్ తీసి, రాత్రి రికార్డు చేసింది వినిపించింది. రైలింజనే. సందేహం లేదు.

ఒంగోలులో చిన్నప్పుడు చెల్లెలిదీ నాదీ ఒకే చాప. ఆస్పత్రిలో దాని మంచానికి చేయి చాపితే అందేంత దూరంలో నా కుర్చీ. అన్నాళ్లూ అది వింటూనే ఉండి ఉంటుంది. ఒక్కసారీ అనలేదు. ఒక పెద్దమనిషిని జీపులోంచి ఇంట్లోకి తేవాల్సి వచ్చినప్పుడు మాత్రం బయటికి తీసింది, పని అవగానే అబద్ధమని చెప్పి మళ్లీ దాచేసింది. ఇప్పుడు నిద్ర పట్టనప్పుడు, ఆ కొండమీది వరండాలో పప్పు గరిటె పట్టుకుని, తనకి గురక లేదని లెక్కల సారుకి నిరూపిస్తున్న ఆ యాభై ఏడేళ్ల చిన్నది కళ్లముందుకొస్తుంది. నవ్వొస్తుంది. ఊరుకోవే, చెల్లెలు నవ్వుతోంది, కాసేపు ఊరుకోవే అనాలనిపిస్తుంది.