తెల్లగుడ్డ వెనుక నుంచి చూసిన ముఖం

దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే రకం. తమిళనాడులోని విరుదునగర్‌లో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం నాది. కంటికి కనపడినది రాసిస్తాను, కనపడనిది రాయను. ఇది చదివి నాకు మతి పోయిందనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మా అమ్మకు ప్రాణమైన ఒక సినిమా నటి ఉండేది. మా ఇంట్లో ఆమెను ఎవరూ పేరుపెట్టి పిలిచేవారు కాదు. "ఆయమ్మ" అంటే చాలు. నలుపు తెలుపు ప్రేమకథల్లో ఆమెను మించినవాళ్ళు లేరని అమ్మ నమ్మకం. నాదీ అదే. ఏడుపు సీనులో ఎవరైనా ఏడుస్తారు. ఆయమ్మ మాత్రం ఏడుపు ఆపుకుంటుంది, ఇక్కడ మనం ఏడుస్తాం. హీరో మీద ఉత్తుత్తిగా అలిగేటప్పుడు చెంప మీది పుట్టుమచ్చను వేలికొసతో తాకుతుంది. ఆ ఒక్క వేలి కోసం అమ్మ ఎన్నోసార్లు చూసిన సినిమానే మళ్ళీ చూసేది.

మా ఇంట్లో గొడవంతా ఆ మచ్చ గురించే.

అమ్మది కడంబూరు దగ్గర పల్లె. ఆమె చిన్నతనంలో అమ్మవారి జాతరకు వీధికి అడ్డంగా తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవారు. గుడ్డకు ముందువైపు మగవాళ్ళు కూర్చునేవారు, వెనుకవైపు ఆడవాళ్ళు. వెనుకనుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది, కుడి కాస్తా ఎడమవుతుంది. అక్షరాలు తిరగబడ్డాయని చెప్పడానికి చదువొచ్చిన ఆడది అక్కడ ఒక్కతీ లేదు. అందుకని ఆ పల్లె ఆడవాళ్ళందరికీ మచ్చ ఎడమ చెంప మీద, మగవాళ్ళందరికీ కుడి చెంప మీద.

నాయనదీ అదే పల్లె. ముందువైపు మనిషి.

పెళ్ళయి ఇద్దరూ కోవిల్‌పట్టి వచ్చారు. నాయన నూలుమిల్లులో, అమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో చెక్క చట్రాల్లో పుల్లలు పేర్చే పనిలో. తొంభైల్లో టీవీ కొన్నాక మచ్చ కుడివైపే ఉందని అమ్మ కళ్ళారా చూసింది. అయినా ఒప్పుకోలేదు.

"టీవీవోళ్ళు తిప్పేసినారు. నేను మొదట చూసిన మొగమే నిజము" అనేది.

"ఒంటికన్ను పెట్టుకోని ఎంత నోరే నీకు!" అని నాయన నవ్వేవాడు.

ఒంటికన్ను మాట నిజమే. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుని అమ్మకు ఒక కన్ను పోయింది. పుల్లలు పేర్చినా, మమ్మల్ని పెంచినా, ఆయమ్మను చూసినా ఆ మిగిలిన కంటితోనే. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు దానికీ పొర కమ్మింది. మదురైలో ఆపరేషన్ చేయించాం. చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేమని డాక్టరు ముందే చెప్పారు.

కట్టు విప్పాక అమ్మకు వెలుతురు తప్ప ఏమీ తెలియలేదు. రోజులు గడిచాయి. ఆమె మాట్లాడటం తగ్గించేసింది. నాయన ఎగతాళి చేయడం మానేశాడు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

ఒక ఆదివారం విరుదునగర్ నుంచి బస్సులో వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కేబుల్లో ఆయమ్మ సినిమా మొదలైంది. అమ్మ వింటుందని పెట్టాం. ఆమె గోడకు ఆనుకుని, ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది. నేను బట్టలు మడతపెడుతున్నాను, తెర వైపు చూడటం లేదు.

పాట మొదలైంది. అమ్మ తల తిప్పింది.

"చూడండి, చూడండి! ఎడమ చెంపకే ఉండాది మచ్చ!"

నాయన అలవాటుగా కాదనబోయి నోరు తెరిచాడు. అంతలోనే లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. నేనూ చూశాను. మచ్చ ఎడమ చెంప మీద ఉంది. ఆయమ్మ ఎడమచేతి వేలితో దాన్ని తాకింది. పైట కుడి భుజం మీద ఉంది. తర్వాతి సీనులో హీరో ఎడమచేత్తో ఉత్తరం రాశాడు.

"పాపా, నీకూ ఇట్లానే తెలస్తాందా?" అని నాయన మెల్లగా అడిగాడు. అవునన్నాను.

అమ్మకు మాత్రం ఇందులో వింతేమీ లేదు. హాయిగా కాళ్ళు చాపుకుని, ఆయమ్మ జాకెట్టు మీద పువ్వులతో సహా మాకు చెబుతూ సినిమా చివరిదాకా చూసింది. ఆమెకు చూపొచ్చిందన్న సంగతి నా బుర్రకు ఎక్కేసరికి మడతపెట్టిన బట్టలన్నీ నా కన్నీళ్ళతో తడిశాయి.

సినిమా అయ్యాక వార్తలు వచ్చాయి. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. టీవీ బాగుచేసే అతన్ని అడిగాను. లోపల వైర్లు తారుమారైతే బొమ్మ తిరగబడుతుంది కానీ, అప్పుడు వార్తలూ తిరగబడాలి అన్నాడు. పక్కింటి అక్క కూడా అదే కేబుల్లో అదే సినిమా చూసింది. మచ్చ ఎటుందని అడిగితే, "ఎప్పటిమాదిరే, కుడి పక్క. ఏమట్లా అడగతావు?" అంది. తర్వాత ఆ సినిమా సీడీ కొన్నాను. అందులోనూ కుడివైపే.

మనసు కోరుకున్నది కళ్ళకు కనపడింది అంటారా? అమ్మ విషయంలో ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్ళు కుడి, కుడి అని వాదించిన నాయనకు ఎడమ ఎందుకు కనపడాలి?

ఆ సంగతి నాయన మళ్ళీ ఎత్తలేదు, ఓడిపోయానని ఒప్పుకోనూ లేదు. ఆ సాయంత్రం మాత్రం బజారుకు వెళ్ళి ఒక అద్దం తెచ్చాడు. గోడమీద శివకాశిలో అచ్చయిన పాత క్యాలెండరు ఉండేది, ఆయమ్మ ముఖం ఉన్నది. దానికి సరిగ్గా ఎదురుగా, మంచం మీదనుంచి అమ్మకు కనపడేలా ఆ అద్దం తగిలించాడు.

అమ్మ అందులోకి చాలాసేపు చూసింది.

"ఇప్పుడు సరిగా ఉండాది" అంది.

ఆ మధ్యాహ్నం మా టీవీలో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. కోవిల్‌పట్టి వెళ్ళినప్పుడల్లా ఆ అద్దం తుడిచి వస్తాను.