దాదా కొట్టిన కొబ్బరికాయలు

తడిసిన కొబ్బరి పీచు వాసన ఇప్పటికీ నన్ను బజారులో నిలబెట్టేస్తుంది. ఒక్కో కాయనూ చెవి దగ్గర ఊపి, అన్నిటికీ వంక పెట్టి, చివరిదానికి ధర తగ్గించమంటాను, ఆ కాయ నాకు అక్కర్లేకపోయినా సరే. దుకాణంలో పుట్టిన పిల్లకు బేరం దగ్గులాంటిది, ఆపుకుంటే ఆగదు.

మహారాష్ట్రలోని భివండీలో, తెలుగువాళ్లుండే పద్మనగర్‌లో మాది కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, అగరొత్తులు అమ్మే దుకాణం. వెనక వరస గదుల చాళ్లలో మరమగ్గాలు పగలూ రాత్రీ కొట్టుకుంటుంటే ఆ అదురుకు అగరొత్తుల పొట్లాలు అల్మరాలో వాటంతటవే ముందుకు జరిగేవి. శ్రావణంలో వానతోపాటే గిరాకీ దిగేది. సంచుల నిండా కాయలు, గల్లీ నిండా బురద, ఆ బురదలో పీచు బంతులు చుట్టుకుని మా ఆటలు. బతుకమ్మ పండక్కి అందరిళ్లలో సత్తుపిండి చేసేవారు, మా ఇంట్లో మాత్రం అమ్ముడుపోని పగుళ్ల కాయల కొబ్బరి అన్నింట్లోకీ వచ్చేది. బాపు ప్రతి కాయనూ వేలితో కొట్టి, విని, "నాది గ్యారంటీ, తీస్కపో" అని గిరాకీ చేతిలో పెట్టేవాడు.

ఆ గ్యారంటీ మీదే ఒక ఎమ్మెల్యే తయారయ్యాడని ఆయన గొప్ప. ఊరంతా దాదా అని పిలిచే ఆ మనిషి తెలుగువాడు కాకపోయినా మా గల్లీలోనే పెరిగి మా మాటే మాట్లాడేవాడు. నాకు మొదట చప్పుడుగానే తెలుసు. బంద్ రోజున ఇనుప రాడ్‌ను షట్టర్ల మీద గీసుకుంటూ నడిచేవాడు, ఆ చప్పుడు వినగానే ముందున్న దుకాణాలు మూతపడేవి. మూయనన్న చాయ్‌వాలా చేతిని వాడి మరిగే గిన్నెలోనే ముంచాడు. తర్వాత గణపతి మండలికి పెద్దయ్యాడు, ఆపైన నగర్‌సేవకుడు, అంటే కార్పొరేటర్, అయ్యాడు. రాడ్ అనుచరుల చేతికి పోయి ఆయన మెడలోకి దండలొచ్చాయి. ఎమ్మెల్యేగా నామినేషన్ వేయబోతూ మా దుకాణం ముందు ఆగి బాపు ఇచ్చిన కాయ కొడితే, తెల్లగా, సమంగా రెండు చిప్పలైంది. గెలిచాడు. ఇక రోడ్డుకు కొట్టినా, కుళాయికి కొట్టినా కాయ మాదే. ఆ రోడ్లలో సగం కాయ దగ్గరే ఆగిపోయాయి, అయినా మేం గల్లీలో ఛాతీ విరుచుకునే తిరిగాం.

రెండో ఎన్నికల నామినేషన్ శ్రావణంలో పడింది. బాపు నెల ముందే దాదా కోసం మేలైన కాయ ఏరి, దేవుడి గూట్లో పెట్టి, రోజూ నీళ్లు చల్లి, బొట్టు పెట్టి, దీపం ముట్టించాడు.

"గా కాయ కన్ను నల్లవడ్డది. తాజాది ఇయ్యి," అంది అమ్మ.

"పూజల ఉన్న కాయ ఎట్ల చెడుతది? నీకేం ఎర్క."

అమ్మ ఎవరితోనైనా బేరంలో గెలిచేది, బాపు భక్తి దగ్గరే ఓడిపోయేది.

ఊరేగింపు ధామన్కర్ నాకా మీదుగా వచ్చి మా ముందు ఆగింది. దాదా కాయను రాతికేసి కొట్టాడు. నల్లటి నీళ్లు ఆయన తెల్ల లాల్చీ మీద చిమ్మాయి, ఆ కంపుకు జనం ముక్కులు మూసుకున్నారు, డప్పులు ఆగిపోయాయి.

బాపు చేతులు జోడించాడు. "మంచిదే దాదా, దిష్టి పోయింది. మా తెలుగోళ్లల్ల గట్లనే అంటరు."

"ఓటేసేటోళ్లంత మీ తెలుగోళ్లేనా?" అన్నాడు దాదా.

ఆయన మనుషులు దుకాణంలోకి దూకి మా కాయలనే మా అద్దాలకు విసిరారు, కుంకుమ సంచులను చీరారు, అడ్డుపోయిన చిన్నాయన మూతిని పగలగొడితే ఆయన పళ్లు ఆ ఎర్రటి బురదలో రాలాయి. బాపును ఈడ్చుకొచ్చి కాయలు కొట్టే రాతి మీద కుడిచేయి పెట్టించారు. ఒకడు రాడ్ ఎత్తాడు.

అమ్మ వచ్చి ఆ రాయి పక్కన కూర్చుంది. ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. పడితే చెప్పిన ధరే ఇచ్చుకోవాలని మా ఇంట్లో పసిపిల్లకూ తెలుసు.

"దాదా, దుకాణం నడిపేది గా చెయ్యే. అది ఇరిగితే మేమంత నీ గడపలనే కూసుంటం. ఎడమది తీస్కో."

"సరే, ఎడమదే పెట్టున్రి."

"చెయ్యెందుకు? చెడింది ఒక్క కాయ. ఒక్క వేలు తీస్కో."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. దాదా కూడా నవ్వాడు. "భాభీ, నువ్వు అసెంబ్లీల ఉండాల్సినదానివి."

"నువ్వున్నవ్ గదా, సాలదా. ఇగో, ఈసారి కాయ నువ్వే ఏరు. తెల్లగొస్తే వేలు గూడ ఇడిసిపెట్టు."

దాదా తల ఊపి, ఒక కాయ ఏరి కొట్టాడు. తెల్లగా వచ్చింది. చిప్పను జనానికి ఎత్తి చూపించి, జై కొట్టించుకుంటూ ముందుకు నడిచాడు. రాడ్ పట్టుకున్నవాడికి ఆగమని చెప్పడం మాత్రం మరిచాడు. బాపు ఎడమ చూపుడువేలి మీద రాడ్ దిగినప్పుడు ఆయన అరుపు మళ్లీ మొదలైన డప్పుల్లో కలిసిపోయింది. చితికిన వేలిని ఆసుపత్రిలో తీసేశారు.

దాదా గెలిచి, మాకు పాలకోవా పేడాల డబ్బా పంపాడు. అమ్మ దాన్ని మోరీలో పోసింది. నేను అంతకుముందే రెండు తినేశాను. మరుసటి ఎన్నికలోనూ గెలిచాడు, ఆపైన జెండాలు మార్చాడు, చివరికి ఒకప్పుడు తన రాడ్ మోసినవాడి చేతిలోనే ఓడిపోయాడు. ఇప్పుడు ఆయన బ్యానర్ ఏ స్తంభానికీ లేదు. మా వెనక మగ్గాలు పాత ఇనుము కింద అమ్ముడైపోయాయి, అక్కడి కుర్రాళ్లు కాశేలి గోదాముల్లో పెట్టెలు మోస్తున్నారు, మా దుకాణం ఉన్నచోట మొబైళ్లు అమ్ముతున్నారు. ఇన్ని పోయినా బాపు ఓటు వేయడం మాత్రం పోలేదు.

మొన్నటి ఎన్నికకు నేనే తీసుకెళ్లాను. సిరా బుడ్డి పట్టుకున్న అమ్మాయి ఆయన ఎడమచేయి అందుకుని, తడుముకుని, ఆగిపోయింది.

"తాతా, వేలేది?"

"అది ఎన్నడో ఓటేసింది బిడ్డా," అన్నాడు బాపు, పక్క వేలు ముందుకు చాపుతూ.