మూడో పాము

మా అవ్వకు పాములంటే ఉన్న భయాన్ని పోగొట్టింది నేనే. దీన్ని ఇంకెవరి మీదా తోసేయడానికి లేదు.

సోమందేపల్లికి దగ్గర్లో మా చేను. గట్టు తవ్వేటప్పుడు దొరికిన పామును ఇంటికి తెచ్చి, పాత చేపల తొట్టిలో ఇసుక పోసి పెంచాను. అడవి పామును ఇంట్లో పెట్టుకోవడం నేరమని తెలుసు. తెలిసే పెంచాను. ఒళ్లంతా మచ్చలు, మొద్దు శరీరం. ఊళ్లో అందరూ కొండచిలువ పిల్ల అనేవాళ్లు. కాదు, మన్నుపాము, కొండచిలువకు దూరపు చుట్టం అంతే అని వాదించేవాణ్ణి. పగలంతా ఇసుకలో పూడుకుని ఉండేది. "మన్ను తిన్న పాములా పడుకుంటాండావని నిన్ను తిట్టేదాన్ని కదా, ఇప్పుడు నీకు జత దొరికిండాది" అని అవ్వ వెక్కిరించేది.

ఆ వెక్కిరింపుల మధ్యే ఆమెకు పాఠం చెప్పాను. రెండు తలల పాము అని జనం ఎగబడేది ఎర్రది. అది నున్నగా ఉంటుంది, తోక కూడా తలలాగే మొద్దు. మనది దాని దాయాది. మచ్చలు, గరుకు ఒళ్లు, పొట్టి తోక. రెంటికీ విషం లేదు. అవ్వ చేయి పట్టుకుని దాని వీపు తడిమించాను. మొదటి రోజు కళ్లు గట్టిగా మూసుకుంది. నెల తిరిగేసరికి చుట్టాలకు తనే చూపించేది. "ఇది ఎర్రది కాదు, గరుకుది. ఏమీ చేయదు" అని ఆమె చెబుతుంటే నాకు ఎంత గర్వమో.

మచ్చలతో, గరుకు ఒంటితో మూడోది ఒకటుంది. రక్తపింజర. దాని మచ్చలు గొలుసులా వరసగా ఉంటాయి, తల మెడకన్నా వెడల్పు. అది ఆమెకు చెప్పలేదు. రక్తపింజర ఎవరికి తెలియదులే అనుకున్నాను.

నేను ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పని చేస్తాను. ఒకరోజు పదకొండింటికి అవ్వ ఫోన్ చేసింది.

"ఏమబ్బా, నీ పాము తొట్టిలో కనపడలేదు. శెనక్కాయ కట్టె వామి కింద దొరికింది. ఎత్తుకొస్తాంటే చేతిని కరిచి జారిపోయింది."

"మనదేనా అవ్వా?"

"మనదే. మచ్చలుండాయి, గరుకుగా ఉండాది. బెదిరిపోయిండాది పాపం."

"విషం లేదులే. సబ్బుతో కడుక్కో."

పాము పోయిందన్న దిగులుతో చీరలు మడత పెడుతూ కూర్చున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. చేయి మండుతోందని ఆమె మళ్లీ ఫోన్ చేస్తే, "పళ్లు దిగితే మండకుండా ఉంటాదా?" అని కసిరాను.

రెండు గంటల తర్వాత పక్కింటి అత్త ఫోన్ చేసింది. మోచేతి దాకా వాచిందని, చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోందని, ఆటోలో హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోతున్నామని ఏడ్చింది. వెంటనే బయల్దేరాను. దారిలో అవ్వ ఆధార్ కార్డు కోసం ఇంటి దగ్గర దిగాను. తొట్టి మీద మూతగా పెట్టిన జల్లెడ వేసింది వేసినట్టే ఉంది. ఇసుకలో చేయి పెట్టి తవ్వాను. అడుగున, ఒక మూలన, చుట్ట చుట్టుకుని నా పాము ఉంది.

అత్తకు ఫోన్ చేసి, "రక్తపింజర అని డాక్టరుకు చెప్పత్తా!" అని అరిచాను. నెత్తురు గడ్డకట్టడం లేదని పరీక్షలో చూసి, వాళ్లు అప్పటికే మందు ఎక్కిస్తున్నారు. అవ్వ మాత్రం "మా పిల్లోని పామే సార్, విషం లేదు" అని డాక్టరుతో వాదిస్తోందట. మందు బాగా పనిచేయాల్సిన గంటలన్నీ నా మాట నమ్మి ఇంట్లో కూర్చుని పోగొట్టుకుంది. మూడో రోజుకు మూత్రం ఆగిపోయింది.

నాలుగో రోజు సాయంత్రం కాస్త తెలివి వచ్చి నన్ను దగ్గరికి పిలిచింది.

"నీ పాము దొరికిందాబ్బా?"

"దొరికిందవ్వా. తొట్టిలోనే ఉండాది."

వాచిపోయిన ఆ మొహంలో సంతోషం కనిపించింది. "దాన్ని కొట్టొద్దు. నేనే గట్టిగా పట్టుకుంటి" అంది.

కరిచింది అది కాదని చెప్పలేదు. సరేనన్నాను. మరుసటి రోజు పొద్దున అవ్వ పోయింది. నన్ను తిట్టే అవకాశం కూడా ఆమెకు ఇవ్వలేదు నేను.