మా ఇంటి చుట్టూ రొయ్యల షీటు

నేను భీమవరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ విద్యార్థులకు మట్టి గురించి పాఠాలు చెబుతాను. ఏ మట్టి ఎంత బరువు మోస్తుంది, తడిస్తే ఏమవుతుంది, ఎండితే ఎలా కుంగుతుంది, అన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెబుతాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత నా పరువు ఎంతమేరకు పోయిందో తెలుసుకోవడం మీకు తేలిక.

మా ఇల్లున్న చోట ఒకప్పుడు చేపల చెరువు ఉండేది. దాన్ని పూడ్చి ప్లాట్లు వేశారు. పల్లం ఎత్తు చెయ్యడానికి మెరక మట్టి తోలించాక కనీసం రెండు వానాకాలాలైనా ఆగాలి, మట్టి కుదురుకోవాలి అని క్లాసులో గొంతు చించుకునే నేను, రెండు నెలలు కూడా ఆగకుండా శంకుస్థాపన చేసేశాను. ఆ ముహూర్తం దాటితే మళ్ళీ చాలాకాలం దాకా మంచిది లేదన్నారు పంతులుగారు. పాఠం పిల్లలకి, ముహూర్తం మనకి.

మూడో ఏడు తూర్పు ప్రహరీగోడ పగిలింది. పెన్సిలు దూరేంత పగులు. గోడకి అవతల పక్కింటి మాస్టారి నేరేడు చెట్టుంది. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన స్థలం పాత చెరువు గట్టు, ఆ చెట్టు చెరువు ఉన్ననాటిది. ఇంక చెప్పేదేముంది, దోషి దొరికేశాడు. నిజం ఒప్పుకోవాలంటే, ఆ చెట్టు మీద నాకు అంతకుముందే కక్ష ఉంది. పళ్ళ కాలం వస్తే నా తెల్లకారు ఊదారంగు పులుముకునేది. అందుకే పగులు కనిపించిన రోజు నాకు దిగులు కన్నా హుషారే ఎక్కువ కలిగింది.

"చూశారా మాస్టారూ, మీ చెట్టు వేళ్ళు మా పునాది కిందకి వచ్చేశాయండి," అన్నాను గోడ మీదుగా.

ఆయన కళ్ళజోడు సవరించుకుని పగులు వంక చాలాసేపు చూశారు. "మీరు సివిల్ కదండీ. మీరు చెప్పాక ఇంకేముందండి. ఏం చేద్దామంటారు?"

"కొట్టించేస్తే గొడవ వదిలిపోద్దండి."

ఆయన చెట్టు వైపు తిరిగారు. దాని కింద ఆయన మడతకుర్చీ ఉంటుంది. పొద్దున పేపరు, ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఓ కునుకు, అన్నీ అక్కడే. "ఇంకో దారేమన్నా ఉందేమో చూడండి, లెక్చరర్ గారూ," అన్నారు మెల్లగా. ఆ గొంతు విన్నప్పుడు నాకు సిగ్గెయ్యాల్సింది. వెయ్యలేదు.

ఇంకో దారి ఫోనులో దొరికింది. విదేశాల్లో వేళ్ళు ఇంటివైపు రాకుండా నేలలో నిలువునా ఒక నల్లటి షీటు పాతుతారట. నేను ఆ వీడియో చూపిస్తే మా ఆవిడ తాపీగా, "ఏమండీ, ఇది మన రొయ్యల చెరువులకి పరిచే షీటే కదా," అంది. నా పరిశోధన అంతా ఆ ఒక్క మాటతో చెరువుగట్టుకి చేరింది.

మాస్టారికి ఒప్పందం కూడా నేనే చెప్పాను. షీటు వేశాక పగులు ఆగితే సరే, చెట్టు జోలికి రాను. అప్పటికీ ఆగకపోతే ఆ వేళ్ళు దేనికీ లొంగేవి కావని అర్థం, చెట్టు కొట్టించెయ్యాలి. వేళ్ళని ఆపాక కూడా గోడ పగిలిందంటే తప్పు వేళ్ళది కాదని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. జీవితమంతా లెక్కలు చెప్పిన మాస్టారు మాత్రం నా మాట మీద గౌరవంతో, "అలాగేనండి, మాటిచ్చాను," అన్నారు.

రొయ్యల చెరువులకి షీట్లు వేసే మేస్త్రిని పిలిపించాను. గోడ వెంబడి మూడడుగుల కందకం తవ్వారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, బొటనవేలంత వేరు ఒకటి కనిపించింది. అది కూడా పునాది దాకా వచ్చి, ఇక్కడేమీ బాగోలేదనుకుందో ఏమో, వెనక్కి తిరిగి మాస్టారి వైపే పోయింది. పునాది కింద మాత్రం చెయ్యి దూరేంత ఖాళీ.

"వేళ్ళేం లేవండి బాబూ. మీ మెరకే దిగిపోయిందండి," అన్నాడు మేస్త్రి. పక్కనే కాఫీ గ్లాసులతో మా ఆవిడ నిలబడి వింటోంది.

"నువ్వు షీటు వెయ్యవయ్యా ముందు," అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత ఎవరి కోసం పుట్టిందో ఆ క్షణంలో నాకు బాగా తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

వేరు చుట్టుతిరిగి వస్తుందేమోనని నాలుగు వైపులా వేయించాను. అంచు నేలకి జానెడు పైకి ఉండాలని వీడియోలో చెప్పారు, అలాగే ఉంచాం. గేటు దగ్గర సిమెంటుతో ఎత్తు కట్టించాం. మేస్త్రి అతుకులన్నీ మిషనుతో కాల్చి అతికించి, వాననీళ్ళు వీధి కాలవలోకి పోయే కన్నం కూడా మూసేశాడు. అదేంటయ్యా అంటే, "కన్నం ఉంచితే నీళ్ళు నిలబడవు కదండీ. ఇప్పుడు చూస్కోండి, చుక్క బయటికి పోతే నన్నడగండి," అన్నాడు. పనిమంతుడు. తనకి తెలిసిన పని తు.చ. తప్పకుండా చేశాడు. తనకి తెలిసిన పని మర్చిపోయినవాణ్ణి నేనే.

వాన రెండు రోజులు పట్టింది. మూడోనాడు పొద్దున తలుపు తీస్తే మా ఇల్లు చెరువు మధ్యలో ఉంది. చెప్పులు తేలుతున్నాయి. చుక్క కూడా బయటికి పోలేదు. రోడ్డు మీద మోటారుసైకిల్ ఆపి ఒకాయన ఎంతో మర్యాదగా, "రొయ్యపిల్లల సీడు ఎప్పుడు వదుల్తున్నారండీ?" అని అడిగి వెళ్ళాడు. నానిన మెరక ఇంకా దిగింది. పెన్సిలు దూరే పగులులో ఇప్పుడు నా పిడికిలి దూరుతోంది.

మాస్టారు అవతలి నుంచి ఆ పగులు చూశారు. వాన వెలిసిన మర్నాడు చెట్లు కొట్టే మనిషిని పిలిపించారు. మాటిచ్చారు కదా.

కోతమిషను మోగేసరికి నేను లోపలి గదిలో పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చున్నాను. మా ఆవిడ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

పంచె ఎగ్గట్టి పిక్కల్లోతు నీళ్ళలో గోడ దాకా పరిగెత్తాను. నీళ్ళలో పరుగెంతో మీకు తెలుసు. నేను చేరేలోపు మా వంటింటి మీదకి వాలి ఉండే పెద్దకొమ్మ ఫెళ్ళున కూలింది.

"ఆపించండి మాస్టారూ! వేళ్ళు కాదండి. మా మెరకే దిగింది."

ఆయన చెయ్యెత్తారు. మిషను ఆగింది.

"ఎప్పుడు తెలిసిందండీ?"

"తవ్విన రోజే చూశానండి."

"మరి షీటెందుకు వేయించారండీ?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి బుకాయించేవాణ్ణి. ఆయన అర్థంకాని లెక్క గురించి అడిగినట్టు అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం ఆయన తన మోటారు పంపు ఇచ్చి, పైపు తానే పట్టుకుని, మా చెరువు తోడించారు.

గేటు దగ్గర ఎత్తు కొట్టించి షీటు కోయించాను, కన్నం తెరిపించాను. ఈ ఎండాకాలం పొద్దున ఏడింటికే వంటింట్లోకి ఎండ సూటిగా కొట్టింది. మా ఆవిడ చెమటలు కక్కుతూ దోసెలు వేస్తూ నా వంక చూసే చూపు గురించి రాయను. ఒకరోజు గోడ దగ్గర, "ఆ కొమ్మ పోవడం నా వల్లేనండి," అన్నాను మాస్టారితో. "పోయింది మీవైపుదేనండి, మావైపు నీడకేం లోటు లేదు," అన్నారు. ఎత్తిపొడుపు కాదు, నన్ను ఓదార్చడానికే అన్నారు.

మొన్న ఆయన వరండా గచ్చు బీటలు వారింది. తాపీమేస్త్రిని ఒకణ్ణి పిలిపించి చూపించుకుంటున్నారు. నేను గోడకివతలే మొక్కలకి నీళ్ళు పోస్తూ, మీరు సివిల్ కదండీ అని పిలుస్తారేమోనని ఆగాను. తొట్టెలో నీళ్ళు నిండి కిందకి కారుతున్నా ఆగాను. ఆయన నన్ను చూసి నవ్వి, బాగున్నారా అండీ అని పలకరించి, మళ్ళీ మేస్త్రి వైపు తిరిగారు.