కాక కట్టిన దారం

"బాపు పోయిండక్కా" అని కాక కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను పొయ్యి మీద చాయ్ పెట్టి ఉన్నాను. కరోనా కదా, శవాన్ని దవాఖాన నుంచి గల్లీకి తేనివ్వలేదు. చివరిచూపు కూడా దక్కలేదు. చాయ్ మరిగి మరిగి గిన్నె మాడిపోయింది.

కాక మాకు చుట్టం కాదు. సూరత్‌లోని వడోద్‌లో మా పక్క గది ఆయనది. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఆ చప్పుడుకు చెవులు పోయాక, గల్లీలో ఇళ్లకు రేకులు వేసేవాడు. అరిస్తే తప్ప వినపడదు. మేం మంచిచెడ్డలు మాట్లాడుకున్నా బయటివాళ్లకు కొట్లాటే. మెల్లగా మాట్లాడటం నాకింకా అలవాటు కాలేదు.

ఏటా వానకు కారే మా సిమెంటు రేకులు ఆ ఎండాకాలం మొదట్లో పగిలాయి. ఇంట్లో చీరలకు రాళ్లు అతికిస్తాను, తడిస్తే నా పని గోవిందా. పాతవాటి మీదే ఇనుప రేకులు వేసెయ్యమన్నాను.

"రేకును చూసి మురిస్తె ఎట్ల బిడ్డా? మోసే దూలాన్ని అడగాలె" అన్నాడు.

అడగడమంటే ఏంటో చూడండి. దూలానికి వేలెడు కిందుగా, ఈ గోడ నుంచి ఆ గోడకు సాంచా దారం బిగించి కట్టాడు. దూలం నడుమ రెండు గోధుమ బస్తాలు వేలాడదీశాడు.

"పొద్దుమీకేదాంక ఉంచు. దూలం వంగి దారానికి తాకిందా, కొత్త రేకుల మాట మర్చిపో."

మధ్యాహ్నానికే తాకింది. దూలం మార్చాలంటే ఇల్లంతా విప్పాలి. బయట రోగం, పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను? స్టూలెక్కి దారం విప్పి, ఇంకో వేలెడు కిందికి కట్టాను. నా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను!

సాయంత్రం కాక వచ్చి ముడి వైపే చూశాడు. సాంచాల మనిషి వేసే ముడి వేరు. నాది లంగా బొందు ముడి.

"ఎవలన్న ముట్టిండ్రా?"

"ఎవలు ముడ్తరు కాకా!" అని అరిచాను.

"మంచిది" అని, సాసర్‌లో పోసుకుని చాయ్ తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఇనుప పైపు భుజాన వేసుకొచ్చాడు. ఇల్లు విప్పకుండానే దాన్ని దూలం కింద ఆసరాగా గోడల్లోకి బిగించాడు.

"దారం తాకలేదు గదా, గిదెందుకు?" అన్నాను బింకంగా.

"పిల్లలు కింద పండుకుంటరు. నా మనసుకు అనుకో."

మళ్లీ బస్తాలు కట్టి, సాయంత్రం దాకా చూసి, అప్పుడు వేశాడు రేకులు. గల్లీలో అందరినీ ఆటపట్టించే మనిషి, ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. అరిచి చెప్తే గల్లీ అంతా వింటుందని సిగ్గు. ఆయన దవాఖానలో పడ్డాక ఫోన్ చేశాను.

"కాకా, ఆ దారం నేనే..."

"ఆఁ? ఏంది బిడ్డా? వినొస్తలేదు. ఇంటికొచ్చినంక చెప్పు."

కాక పోయాక మొదటి వాన పట్టపగలే పడింది. అలవాటు కొద్దీ బకెట్, రెండు గిన్నెలు పాత చోట్లలో పెట్టాను. రేకుల మీద వాన హోరుకు పక్క మనిషి మాట కూడా వినపడటం లేదు.

"కాకా, దారం నేనే విప్పిన!" అని ఆయన గోడ వైపు తిరిగి గొంతు పగిలేలా అరిచాను.

చాలాసేపు కురిసింది. గిన్నెలు పొడిగానే ఉన్నాయి.