సూది వేశాక అరగంట

సూదమ్మకు కాగితాల మీద వేరే పేరు ఉంది. ఆ పేరుతో పిలిస్తే పలకదు, పక్కవాళ్ళనేమో అనుకుంటుంది. రోజుకు మూడుసార్లు పెద్దావిడకు చక్కెర జబ్బు సూది వేస్తుంది కనుక సూదమ్మ. ఆ మాటకొస్తే నోరు కూడా సూదే. కూరలమ్మే మనిషి మొదలు గ్యాసుబండ తెచ్చే మనిషి దాకా ఆ పోటు తిననివాళ్ళు లేరు. అంత మనిషీ లోకంలో ఒక్కదానికే భయపడేది. సూదికీ తిండికీ మధ్య ఉండే అరగంటకు.

ఆ భయం ఊరికే పట్టుకోలేదు. పెళ్ళయిన నాలుగేళ్ళకు మొగుడు పోతే, ఆసుపత్రిలో నేల తుడిచే పనికి కుదిరింది. చదువు నాలుగో తరగతితో సరి, అయినా అంకెలు చదవగలదు, గడియారం చూడగలదు. చెయ్యి వణకని మనిషని చూసి ముసలి నర్సు ఒకావిడ సూది పట్టుకోవడం నేర్పింది. ఒక మధ్యాహ్నం తొమ్మిదో మంచం మీద, రాత్రి కాపలా పని చేసే తాత ఒకడు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. పాపం, హాయిగా నిద్రపోతున్నాడు అనుకుని సూదమ్మే వెళ్ళి దుప్పటి మెడదాకా కప్పింది. అన్నం పళ్ళెం మూత తీయకుండా పక్కన పెట్టింది. తాత మళ్ళీ లేవలేదు. మందు ఒంట్లోకి వెళ్ళింది, మెతుకు వెళ్ళలేదు, చక్కెర దిగిపోయింది. తప్పు నీది కాదని డాక్టర్లే అన్నారు. అన్నంత మాత్రాన పోయే తప్పులు వేరే ఉంటాయి.

అందుకే పెద్దావిడ ఇంట్లో చేరిన రోజే చట్టం పెట్టింది. సూదులు, రక్తం కొలిచే మిషను, గ్లూకోజు పొడి, పర్సు, ఫోను అన్నీ తన గుడ్డసంచిలోనే ఉండాలి. పెద్దావిడ చేతికి గ్లూకోజు ఇస్తే పిల్లికి పాలు అప్పజెప్పినట్టే. పర్సు ఇస్తే మిఠాయి కొట్టు దాకా నడిచి వెళుతుంది. ఫోను ఇస్తే మిఠాయే నడిచి ఇంటికొస్తుంది. పదకొండేళ్ళు ఆ చట్టం ఒక్కరోజు తప్పలేదు.

పెద్దావిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళు బట్టల కొట్టు నడిపిన మనిషి, ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. దాహమేస్తే నీళ్ళిమ్మనదు, "ఈ ఇంట్లో నీళ్ళు అయిపోయినట్టున్నాయి" అంటుంది.

ఆవిడ చెల్లెలికి వేరే ఊళ్ళో గుండె ఆపరేషను అన్నారు. అక్కను చూడందే లోపలికి వెళ్ళనని చెల్లెలు మొండికేసింది. చెల్లెలి కూతురు విమానం టికెట్లు పంపింది. పెద్దమ్మకు ముందువైపు బిజినెస్ క్లాసు, సూదమ్మకు వెనక ముప్పై ఒకటో వరస.

"సూదక్కా, విమానం రెండున్నరకి" అని ఫోనులో చెప్పింది ఆ పిల్ల. "పెద్దమ్మ టికెట్టుకి లాంజి ఉంటుంది. విమానం ఎక్కేదాకా కూర్చునే గది. మెత్తటి కుర్చీలు, వేడి భోజనం, అన్నీ టికెట్టులోనే కలిపేశారు. రూపాయి కట్టక్కర్లేదు."

"ఇద్దరికీనా?"

"ఆఁ, ఉంటుందిలే అక్కా."

ఉంటుందిలే అన్న మాటనే ఇంటికప్పుగా వేసుకున్నవాళ్ళు వానొచ్చాక గానీ తల తడుముకోరు.

విమానాశ్రయంలో సంచిని మూడుచోట్ల విప్పించారు. సూదులెందుకన్నారు, డాక్టరు చీటీ చూపించింది. అన్నీ దాటుకుని లాంజి అద్దం తలుపు కనబడేసరికి పన్నెండయింది. పెద్దావిడ పొద్దున ఆరింటికి తిన్న రెండు రొట్టెముక్కలు ఎప్పుడో అరిగిపోయాయి. సూదమ్మ ఆవిడను ఆడవాళ్ళ గదిలోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. వేలు పొడిచి చూస్తే నూట నలభై. పన్నెండూ పదికి కడుపు మీద సూది వేసింది. ఇంట్లో అయితే సూది వేసిన మంచం నుంచి వంటింటికి పది అడుగులు. ఇక్కడా తలుపు పది అడుగులే. ఆమె వేసుకున్న లెక్క అదే.

తలుపు దగ్గర బల్ల వెనక ఒక పిల్ల నిలబడి ఉంది. జుట్టు ముడి నున్నగా, నవ్వు కొలిచి పోసినట్టుగా. పెద్దావిడ బోర్డింగు పాసును మిషను కింద పెడితే పచ్చదీపం వెలిగింది. సూదమ్మది పెడితే ఎర్రదీపం.

"సారీ ఆంటీ, మీది ఎకానమీ. మీకు ఎంట్రీ లేదు."

"మేమిద్దరం ఒకటే తల్లీ. ఆవిడను చూసుకునేదాన్ని నేను."

"ఆ మేడమ్ టికెట్టు మీద ఒక్కరికే ఆంటీ. పక్కన మనిషిని తీసుకెళ్ళడానికి లేదు."

"డబ్బు కట్టినా?"

"ఈ లాంజిలో ఆ పద్ధతి లేదు ఆంటీ."

సూదమ్మ వెనక్కి తిరిగి చూసింది. బయట తిండి దుకాణాల ముందు మనుషులు కొండచిలువలా మెలికలు తిరిగి నిలబడ్డారు. అరగంటయినా వంతు రాదు. లోపల, అద్దం అవతల, ఆవిరి లేస్తున్న గిన్నెలు కనబడుతున్నాయి.

"అమ్మగారూ, మీరు వెళ్ళండి. వెళ్ళగానే తినాలి. కూర్చుని తర్వాత చూద్దాం అనకండి. ముందు తినాలి."

"తినడం కూడా నువ్వే నేర్పాలా నాకు? నువ్వు పుట్టకముందు నుంచీ తింటున్నాను" అని పెద్దావిడ కర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

సూదమ్మ ఎదురుగా ఉన్న ఇనుప బెంచీ మీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నాకే తెలిసింది, ఫోను ఇందులో ఉంది. గ్లూకోజూ ఇందులోనే. పదకొండేళ్ళు కాపాడిన చట్టం మొత్తం తలుపుకి ఇవతల, ఎవరి కోసం పెట్టిందో ఆ మనిషి తలుపుకి అవతల.

పన్నెండూ ముప్పై అయిదు. తినే ఉంటుంది. చిన్నపిల్లా ఏమన్నా.

పన్నెండూ నలభై. తినకపోతే?

ఇంతలో ఒక సూటువాడు వచ్చి బంగారు రంగు కార్డు చూపించాడు. వెంట ఉన్న మనిషివైపు బొటనవేలు ఊపాడు. ఆ రెండోవాడి పాసు మీదా సూదమ్మ పాసు మీద ఉన్న మాటే ఉంది. ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళారు. సూదమ్మ చివాలున లేచింది.

"అమ్మాయ్, ఆ రెండో ఆయనది నాలాంటి టికెట్టేగా?"

"అవునాంటీ. కానీ మొదటాయనకు కార్డుంది. ఏడాదంతా మా విమానాల్లోనే తిరుగుతారు కాబట్టి కంపెనీ ఇస్తుంది. కార్డున్నవాళ్ళు ఒక గెస్టుని తీసుకెళ్ళొచ్చు. గెస్టుకి అదే రోజు మా విమానంలో టికెట్టుంటే చాలు."

"అంటే అంత ఖరీదు పెట్టి కొన్న టికెట్టుకి తోడు లేదు, ముక్క కార్డుకి తోడుందా?"

"రూలు అంతే ఆంటీ."

రూలు పెట్టినవాడి ఇంట్లో ముసలివాళ్ళు లేరు కాబోలు అనుకుని వెనక్కి వచ్చి కూర్చుంది. కార్డున్న మనిషి ఎవరైనా నన్ను తీసుకెళ్ళొచ్చన్న మాట, అని అప్పుడే తట్టింది. తట్టినా లేవలేదు. వచ్చేపోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని బాబ్బాబూ అనడం ఆమె ఎముకల్లో లేదు. మొగుడు పోయిన రోజున అన్నగారు చెయ్యి చాపు, నెలనెలా ఇస్తానంటే చీపురు పట్టుకుంది కానీ చెయ్యి చాపలేదు. ఇద్దరు కార్డువాళ్ళు ఆమె ముందు నుంచే వెళ్ళారు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఆ మింగిన మాటలకు పది నిమిషాలు పట్టింది.

పన్నెండూ యాభై దాటాక ఇక కూర్చోలేకపోయింది. గ్లూకోజు పొట్లం బల్ల మీద పెట్టింది.

"ఇది లోపల ఆవిడకు ఇవ్వు తల్లీ. కర్ర ఉన్నావిడ, నీలం అంచు చీర."

"పొట్లాలు తీసుకోకూడదాంటీ. సెక్యూరిటీ ఊరుకోదు."

"పోనీ తిన్నదో లేదో కనుక్కో. సూది వేశానమ్మా నేను. తినకపోతే మనిషి దక్కదు."

ఆ పిల్ల ముఖంలో కొలిచి పోసిన నవ్వు కాస్త తగ్గింది. ఫోనెత్తి లోపలివాళ్ళతో మాట్లాడింది. సూదమ్మ ఆ పిల్ల పెదాలవైపే చూస్తూ నిలబడింది. ఫోను పెట్టేసి పిల్ల తేలికగా ఊపిరి తీసుకుంది.

"ఏం భయం లేదాంటీ. మేడమ్ కిటికీ పక్కన హాయిగా నిద్రపోతున్నారట. చలేస్తుందేమోనని మావాళ్ళు దుప్పటి కూడా కప్పారట."

సూదమ్మకు చెవుల్లో హోరు లేచింది. బల్ల, దీపాలు, పిల్ల ముఖం అన్నీ ఒక్కసారి వెనక్కి జరిగిపోయాయి. తొమ్మిదో మంచం ఒక్కటి మిగిలింది.

"తిన్నదా?" ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు.

"అది అడగలేదు... ఉండండి, మిమ్మల్ని లోపలికి పంపొచ్చేమో మా సూపర్‌వైజరుని అడుగుతాను." నంబరు నొక్కింది. అటు ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. మళ్ళీ నొక్కింది.

అప్పుడే ఒక పొడుగాటి ఆడమనిషి చక్రాల పెట్టె లాక్కుంటూ వచ్చింది. బూట్లకు ఎర్రమట్టి, చేతిలో బంగారు రంగు కార్డు. సూదమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. ఆ మనిషి మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, నన్ను లోపలికి తీసుకెళ్ళు. మా అమ్మగారు లోపల ఉంది. సూది వేశాను, తినలేదు, నిద్రపోతోందట. అది నిద్ర కాదు."

ఆ మనిషి చెయ్యి లాక్కోలేదు. సూదమ్మ ముఖంలోకి ఒక్కసారి చూసింది, అంతే. "మా నాన్నకీ సూదే" అంది. కార్డు బల్ల మీద పెట్టింది. "ఈవిడ నా గెస్టు. తొందరగా."

మిషను కూసింది, పచ్చదీపం వెలిగింది. ఆ దీపం రంగు చూడడానికి సూదమ్మ అక్కడ లేదు.

లోపల నేలంతా మెత్తటి తివాచీ. పరిగెత్తుతుంటే తన అడుగులు తనకే వినబడలేదు. కిటికీ పక్కన పెద్ద కుర్చీలో పెద్దావిడ, మెడదాకా బూడిదరంగు దుప్పటి. ముందు బల్ల మీద సూపు, రొట్టె, ఉడికించిన గుడ్డు. చెంచా గుడ్డలో చుట్టింది చుట్టినట్టే ఉంది. సూదమ్మ దుప్పటి లాగి అవతల పారేసింది. రవిక చెమటతో ముద్దయిపోయింది. నుదురు చల్లగా ఉంది.

"అమ్మగారూ. అమ్మగారూ."

రెప్పలు కదిలాయి, తెరుచుకోలేదు. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, పొలమారితే ఇంకో గండం. ఒక పక్కకు వంచి, గ్లూకోజు పొడి తడిచేసి, వేలితో చెంప లోపలా చిగుళ్ళ మీదా రుద్దింది. మళ్ళీ అద్దుకుంది, మళ్ళీ రుద్దింది. వేలు పొడిచి చూస్తే ముప్పై ఎనిమిది. కార్డు మనిషి అప్పటికే విమానాశ్రయం డాక్టరు కోసం గట్టిగా కేకలేస్తోంది.

రుద్దగా రుద్దగా నాలుగో నిమిషానికి పెద్దావిడ చప్పరించింది. కళ్ళు తెరిచింది. ఎవరో తెలియనట్టు చూసింది, తర్వాత తెలిసినట్టు చూసింది.

"తీపి పెట్టావేంటే నాకు" అంది ముద్దముద్దగా.

మింగగలుగుతోందని తేలాక పళ్ళరసం గుక్కగుక్క పట్టించింది. డాక్టరు వచ్చేసరికి అంకె ఎనభై దాటింది. ఆయన నాడి చూసి, కళ్ళు చూసి, ఇంకో పది నిమిషాలయితే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు. సూదమ్మ మనసులో కార్డువాళ్ళిద్దరూ తన ముందు నుంచి మళ్ళీ నడిచి వెళ్ళారు.

"ఎందుకు తినలేదు అమ్మగారూ? అన్నీ ముందు పెట్టారు కదా."

పెద్దావిడ కిటికీవైపు తిరిగింది. "దేనిమీదా ధర రాయలేదు. అడగందే తెచ్చి పెట్టారు. నలభై ఏళ్ళు కొట్టు నడిపాను, ధర చెప్పకుండా ముందు పరిచేది ఎవరో నాకు తెలియదా? తిన్నాక చీటీ తెస్తే ఏం ఇవ్వను? పర్సు నీ దగ్గరుంది."

"టికెట్టులోనే కలిపేశారు అమ్మగారూ. మీ చెల్లెలి కూతురు ముందే చెప్పింది."

"నీకు చెప్పింది. నువ్వు నాకు చెప్పావా?"

ఈసారి పోటు సూదమ్మకే తగిలింది. చెప్పలేదు. తానుంటే చాలు, ఆవిడకు తెలియాల్సిన పనేముంది అనుకుంది. రొట్టె తుంచి నోటికి అందించబోతే పెద్దావిడ ఆ ముక్క చేత్తో తీసుకుంది.

డాక్టరు ఒక గంట కూర్చోబెట్టి, రెండుసార్లు చూసి, వెళ్ళొచ్చన్నాడు. ఎక్కే ముందు సూదమ్మ సంచి విప్పింది. గ్లూకోజు పొట్లాలు మూడు, ఫోను, పర్సు తీసి పెద్దావిడ చేతిసంచిలో పెట్టింది. పెడుతుంటే పిల్లను తొలిసారి ఒంటరిగా రోడ్డు మీదికి పంపినట్టు అనిపించింది.

"ఒళ్ళు తేలినట్టనిపిస్తే ఒక పొట్లం నోట్లో వేసుకోండి. ఎవరినైనా పిలవండి. పిలవాలి అమ్మగారూ, అడగాలి."

"మిఠాయి కొనుక్కుంటానని భయం లేదా?"

"కొనుక్కోండి. బతికుంటే తిడతాను."

విమానం గాల్లోకి లేచాక ముందువైపుకీ వెనకవైపుకీ మధ్య తెర లాగేశారు. ముప్పై ఒకటో వరస నుంచి సూదమ్మకు ఆ తెర తప్ప ఏమీ కనబడలేదు. మేఘాలు చూడమని పక్కసీటాయన కిటికీ చూపించాడు, ఆమె చూడలేదు. ఇరవై నిమిషాలు ఓర్చుకుని, సీట్ల వీపులు పట్టుకుంటూ ముందుకు నడిచింది. తెర దగ్గర విమానం పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందుకు వెళ్ళకూడదండీ."

"వెళ్ళను తల్లీ. మూడో వరసలో ముసలావిడ మెలకువగా ఉందా, ఒక్కసారి చూసి చెప్పు. నిద్రపోతుంటే లేపు. దుప్పటి మాత్రం కప్పకు."

ఆ పిల్ల నోరు తెరిచేలోపే తెర అవతలి నుంచి గొంతు వచ్చింది.

"బతికే ఉన్నాను. వెళ్ళి కూర్చో."

సూదమ్మ వెళ్ళి కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. గడియారం చూసింది. పది నిమిషాలయ్యాక బెల్టు తీసి మళ్ళీ లేచింది.