సముద్రం పంపకం

సముద్రాన్ని కత్తెరతో కోయవచ్చని కనిపెట్టిన మేధావిని నేనే.

పంతొమ్మిది వందల నలభైలలో, నాన్న పోయాక నరసరావుపేటలో మేం అన్నదమ్ములిద్దరం విడిపోయాం. నాన్న ఒక దొర సామాను వేలంలో కొన్న స్టీరియోస్కోపు మా ఇంట్లో ఉండేది. దాన్ని మేం సముద్రం పెట్టె అనేవాళ్ళం. విక్టోరియా రాణి కాలం నాటి అట్టలు. ఒక్కో అట్ట మీద ఒకే సముద్రతీరం పక్కపక్కన రెండుసార్లు. పెట్టె జోడు అద్దాలకు కళ్ళు ఆనిస్తే రెండూ ఒకటై రాళ్ళు ముందుకొచ్చేవి, అలలు దూరంగా జరిగేవి. బండరాయి తప్ప అల ఎరగని మా అమ్మ రోజూ చూసేది.

పంపకమంటే మా పల్నాట్లో బిందె నుంచి గడ్డివాము దాకా సరిసమానం. అట్టల దగ్గర పెద్దమనుషులు తటపటాయించారు. "అన్నీ రెండేసి ఉన్నాయిగా, చెరొకటి కోసేద్దాం" అన్నాను. మెచ్చుకున్నారు. కోశాను. పెట్టె, ఎడమ సగాలు అన్నకు. తిరగలి, కుడి సగాలు నాకు. పాలు పంచుకునే ఊపులో పాలసముద్రాన్నే పంచేశాను.

ఇక మిగిలినవి ఒట్టి బొమ్మలు. నా దగ్గరే ఉన్న అమ్మ దిగులు పెట్టుకుంది. నా సగాలు తీసుకుని, అమ్మను వెంటబెట్టుకుని అన్న ఇంటికి వెళ్ళాను.

"రెండూ పక్కన పెడితే చాలన్నా. అమ్మ ఒక్కసారి చూస్తది."

వాకిట్లోనే ఆపాడు. "నీ వాటా నీకిచ్చాం గదరా. ముసల్దానికి సముద్రమేంది? తిరగలి తిప్పుకోమను."

అమ్మ వెనుదిరిగింది. కన్నతల్లిని గుమ్మం ఎక్కనివ్వని వాడికి వాటాల లెక్కొకటి! నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ చల్లారలేదు.

కొన్నాళ్ళకు అన్నే వచ్చాడు. గుంటూరు నుంచి ఆఫీసరు భోజనానికి వస్తున్నాడట.

"ఒరేయ్, నీ సగాలియ్యి. ఆయనకి సముద్రం చూపియ్యాల."

"నీవి కూడా తే అన్నా, నేనే అతికిస్తా."

మైదా జిగురుతో అతికించాను. ఎడమవి కుడికి, కుడివి ఎడమకు. ఏమవుతుందో తెలియదు, మేలు మాత్రం జరగదని నమ్మకం.

జరగలేదు. దగ్గరవి దూరంగా, దూరానివి దగ్గరగా కనిపించి సముద్రం కొండెక్కిందట, కొండలు గోతుల్లో పడ్డాయట. ఆఫీసరు తల పట్టుకుని లేచాడట. సాయంత్రానికి అన్న పెట్టెనూ అట్టలనూ మా అరుగు మీద పడేశాడు. "పాడైపోయింది. నువ్వే ఏడువు."

తడిగుడ్డతో జిగురు నానబెట్టి సరిగ్గా అతికించాను. అమ్మ కళ్ళు ఆనించి, "వచ్చిందిరా!" అంది.

మర్నాడు తిరగలి మోయించి అన్న గుమ్మంలో దించాను.

"వాటాలు సరిపోవాల గదన్నా. తిప్పుకో."